ముంగిట్లో మొదలైన బడి

జూన్ నెలలో ఒకటో తరగతి గుమ్మంలో నిలబడితే చాలు, ఏ పిల్ల అంగన్‌వాడీ నుంచి వచ్చిందో, ఏ పిల్లాడు నేరుగా అమ్మ కొంగు వదిలి వచ్చాడో చెప్పేయొచ్చు. ముప్పై ఏళ్లు ఆ గుమ్మంలో నిలబడినదాన్ని కాబట్టి చెబుతున్నాను. అంగన్‌వాడీ పిల్ల చెప్పులు బయటే విప్పుతుంది, అవీ జతగా పెడుతుంది. దాహమేస్తే నోరు తెరిచి అడుగుతుంది. పక్కవాడి బలపం లాక్కున్నా కాసేపటికి తిరిగి ఇచ్చేస్తుంది. రెండో రకం పిల్లాడు కిటికీ ఊచలు పట్టుకుని పది రోజులు ఏడుస్తాడు. పదకొండో రోజు నుంచి మనల్ని ఏడిపిస్తాడు.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి (ఐసీడీఎస్‌కు) యాభై ఏళ్లు నిండాయి, సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చెప్పుల జతలే. గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను ఆటపాటల సంగతి రాస్తాను. అంగన్‌వాడీ పుట్టింది వాటిలోంచే కదా.

1945లో మహారాష్ట్ర సముద్రతీరాన బోర్డీ అనే ఊళ్లో తారాబాయి మోడక్ గ్రామ బాల శిక్షా కేంద్రం మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. తారాబాయి అంతకుముందు భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసినావిడ. మాంటిస్సోరి పద్ధతి బాగా ఎరిగినావిడ. అయితే ఆ పద్ధతికి కావలసిన చెక్క సామాను కొనే స్తోమత ఏ పల్లెకుంటుంది? గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్లు సామానయ్యాయి. ఇంకో చిక్కు దానికంటే పెద్దది. బాలబడి తెరిచారు గానీ, వార్లీ గిరిజన గూడేల పిల్లలు రాలేదు. ఆడపిల్ల చంకలో చంటిది, మగపిల్లాడు గొడ్ల వెనక. వాళ్లు రారని తెలిశాక బడే లేచి వాళ్ల వాడకు వెళ్లింది, వాళ్ల ముంగిట్లో కూర్చుంది. ముంగిలిని మరాఠీలో అంగణ్ అంటారు. అంగన్‌వాడీ అన్న మాటకు మూలం అదే. గొడ్లకాడి పిల్లల కోసం పచ్చికబయళ్లలోనూ బడి నడిపారు.

మన వైపు చూస్తే, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ మండలి పథకాల కింద పల్లెల్లో బాలవాడీలు నడిచాయి. తనకింకా ఓణీల ఈడు రాకముందే కాకినాడలో ఆడవాళ్లకు హిందీ బడి పెట్టిన మనిషి ఆవిడ. చాప పరిచి నలుగురిని కూర్చోబెట్టుకుంటే అదే బడి అని ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. మొత్తం ఆరు సేవలు. ఆరూ ఒక్క మనిషి నెత్తిన. మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవని ఆమెకు 100, ఆయాకు 35. దానికి జీతమన్న పేరు కూడా లేదు, గౌరవ వేతనం. గౌరవం సంగతేమో గానీ, వేతనం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. వీళ్లకూ గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో, అంటే పథకం పుట్టిన 47 ఏళ్లకు.

మా ఊళ్లో కేంద్రం ఒక అవ్వగారి వసారాలో మొదలైంది. ఆవిడ అద్దె పుచ్చుకోలేదు. సంక్రాంతికి మాత్రం ఖాళీ చేయించి ముగ్గులు పెట్టించేది. తొమ్మిదింటికి ఆయా ఇంటింటికీ తిరిగేది. ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరు, గొలుసులా పిల్లలు ఆమె వెనక నడిచేవాళ్లు. వసారా దూలానికి తూకం వేలాడేది. ఆ సంచీ లాగులో కాళ్లు దూర్చగానే ప్రతి పిల్లా ఊరు దద్దరిల్లేలా ఏడ్చేది.

తూకం అయ్యాక చింతపిక్కలు. ఒకవైపు అరగదీసి తెల్లగా చేసినవి, నాలుగు. విసిరితే మూడు తెల్లగా, ఒకటి నల్లగా పడతాయి. మళ్లీ విసిరితే రెండూ రెండూ. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. టీచరమ్మ కూడిక అన్న మాటే ఎత్తేది కాదు. ఆ పిల్లలు నా దగ్గరికొచ్చాక మూడూ ఒకటీ నాలుగని నేను బోర్డు మీద రాస్తే, అదేం పెద్ద విషయమన్నట్టు చూసేవాళ్లు. చేటలో కలిపి పోసిన కందులూ పెసలూ వేరుచేసిన వేళ్లకు బలపం పట్టుకోవడం నేర్పక్కర్లేదు.

ఈ మధ్య టౌన్‌లో ఒక బడివాళ్లు ఎల్‌కేజీ చదివే మా మనవరాలి చేత ఒకటి నుంచి వంద దాకా రోజూ రెండుసార్లు రాయించారు. రాసింది. ఎనిమిది గోళీలు తెమ్మంటే గుప్పెడు తెచ్చింది. ఊళ్లో తల్లిదండ్రులకు మాత్రం ఆ నోటుపుస్తకమే చదువులా కనిపిస్తుంది. అంగన్‌వాడీలో ‘ఆడిస్తారు, అంతే’ అని పిల్లల్ని వ్యాన్ ఎక్కిస్తున్నారు. ఆ మాటలో కొంత నిజం మన వల్లా వచ్చింది. చింతపిక్కలుండాల్సిన చేతిలోకి రిజిస్టర్లు వచ్చాయి, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ ఉన్న ఫోన్ వచ్చింది. ఫొటో అప్‌లోడ్ అయ్యేదాకా ఆట ఆగాల్సిందే. గుడ్డు అక్కర్లేదని నేననను. కాలే కడుపుతో ఏ పిల్లా పాట పాడదు. ఆరు పనుల్లో అడిగేవాళ్లు లేని పని ఆటే గనుక ముందు అదే ఆగిపోతుంది. నా బాధ అది.

అడిగే హక్కు ఊరికి లేకపోలేదు. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండీ కేంద్రం లేని వాడ అడిగితే మూడు నెలల్లో తెరవాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ‘పునాది దశ’ అంటోంది. పేరు కొత్తది. బోర్డీ ముంగిట్లో ఆ పునాది ఎప్పుడో తవ్వారు.

నేను పనిచేసిన చివరి జూన్‌లో ఒకడు షరా మామూలుగా ఊచలు పట్టుకుని మొదలెట్టాడు. నేను లేచేలోపే అంగన్‌వాడీ నుంచి వచ్చిన ఓ పిల్ల వాడి మణికట్టు పట్టుకుని నీళ్ల బిందె దగ్గరికి తీసుకెళ్లింది, గ్లాసు ముంచిచ్చింది, తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, పని అప్పగించినట్టు అడిగింది: “టీచర్, ఇక్కడ గుడ్డెప్పుడు పెడతారు?”