చిప్పులో మిగిలిన ఉద్దానం

పలాస స్టేషనులో దిగి కాశీబుగ్గ బజారులోకి నడిస్తే సెల్ షాపుల్లో ఇప్పుడు కనబడేవి కవర్లు, స్క్రీన్ గార్డులు, ఛార్జర్లు. పదిహేనేళ్ల కిందట ఇవే షాపుల్లో అసలు గిరాకీ మూలనున్న కంప్యూటరుది. ‘ఇచ్చట మెమరీ కార్డులో పాటలు, సినిమాలు లోడ్ చేయబడును’ అని ప్రింటు తీసి అద్దానికి అంటించేవారు. టెక్కలిలోనూ అంతే, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురంలోనూ అంతే. ఇంకా లోపలి ఊళ్లలో పాన్ షాపు పక్కన పాత డెస్క్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్లూ ఉండేవారు. చిప్పు, అంటే మెమరీ కార్డు, చేతికిస్తే చాలు, ఎక్కించి ఇచ్చేవారు.

మా ఉద్దానం ప్రాంతం చరిత్ర అనగానే జీడిపప్పు, నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు, బొడ్డపాడు, బీల ఉద్యమాలు, తుఫాన్లు వస్తాయి. లోడింగు షాపుని ఆ వరసలో ఎవరూ కూర్చోబెట్టరు. నన్నడిగితే దానికీ ఒక పీట వెయ్యాలి. మా సంబరాలూ మా పెళ్లిళ్లూ ఈరోజు కళ్లతో చూడటానికి మిగిలాయంటే, చాలా ఇళ్లలో అవి ఆ కుర్రాళ్లు కుదించి ఇచ్చిన ఫైళ్లలోనే మిగిలాయి.

గిరాకీ ఎవరిదో ముందు చెప్పాలి. మా తీరంలో జాలర్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కుతారు. వేటకి దిగితే వారాల తరబడి ఒడ్డూ ఉండదు, సిగ్నలూ ఉండదు. కవిటి, కంచిలి వైపు కుర్రాళ్లు వెల్డింగు, ఫ్యాబ్రికేషన్ పనులకి గల్ఫ్ పోతారు. మిలట్రీకి పోయినవాళ్లు సరేసరి. ఇంటి పట్టున ఉన్నవాళ్లలో కిడ్నీ జబ్బు వాళ్ల సంగతి వేరు. ఉద్దానంలో డయాలసిస్ కేంద్రాలు రాకముందు శ్రీకాకుళమో విశాఖపట్నమో పోయి మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకోవాల్సి వచ్చేది. వీళ్లందరికీ కావలసింది నెట్ లేకపోయినా ఆడే బొమ్మ.

మొదట వచ్చినవి ఎంపీ4 ప్లేయర్లు. బరంపురం నుంచో విశాఖ నుంచో తెచ్చిన చైనా సరుకు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. పెట్టె మీద ఎంపీ4 అని పెద్ద అక్షరాలు. తమాషా ఏమిటంటే ఎంపీ4 ఫైలు పెడితే అది ఆడదు. చవక రకాల్లో చాలావాటికి కావలసింది ఏఎంవీ అనే ఫైలు. ఆక్షన్స్ సెమీకండక్టర్ అనే చైనా కంపెనీ ప్రాసెసర్ చిప్పులతో వచ్చిన పద్ధతి అది. వీడియోలో ఒక్కో ఫ్రేమునూ విడి ఫోటోలా కుదించి వరసగా పేరుస్తుంది. ముందు ఫ్రేముకీ వెనక ఫ్రేముకీ తేడా ఎంతో చూసి ఆ తేడానే దాచుకునే తెలివి దానికి లేదు. అందుకే నీరసపు చిప్ కూడా ఆడించగలిగేది, బొమ్మ నాణ్యత చూస్తే మాత్రం ఫైలు లావు. మార్చే సాఫ్ట్‌వేరు పెట్టెలోనే అరచేతిలో పట్టే చిన్న సీడీలో వచ్చేది. ఆ సీడీ పోయిందా, ప్లేయరు ఇక పాటలకే పనికొచ్చేది. పైగా ఒక రకం తెరకి 128×128, ఇంకో రకానికి 128×160. తప్పు కొలతతో మారిస్తే ఫైలు పేరు కనిపిస్తుంది, నొక్కితే ఆడదు.

ఆ ప్లేయర్లు ఎక్కువ కాలం నిలవలేదు. కెమెరా, కార్డు స్లాటు ఉన్న కీప్యాడ్ ఫోన్లు వచ్చాక ప్లేయర్లని పిల్లలకిచ్చేశారు. అసలు లోడింగు కాలం అక్కడ మొదలైంది, దాని పేరు 3జీపీ.

3జీపీ ఫైలులో మామూలుగా బొమ్మ హెచ్.263, మాట ఏఎంఆర్. బొమ్మ కొలత 176 అడ్డం, 144 నిలువు. డీవీడీలో బొమ్మ 720×576 కాబట్టి, డీవీడీ చుక్కల్లో పదహారో వంతు ఫోనుకి చేరేదన్నమాట. షాపువాడి లెక్క ఇలా నడిచేది: వీడియోకి సెకనుకి 100 కిలోబిట్లు, ఆడియోకి 12. రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. 112ని 9,000తో గుణించి ఎనిమిదితో భాగిస్తే 126 ఎంబీ. 2 జీబీ కార్డులో పదిహేను సినిమాలు ఎక్కేవి. నోకియా 2700 లాంటి ఫోన్లు 2 జీబీ దాకానే తీసుకునేవి. అంతకంటే పెద్ద కార్డులు ఎస్‌డీహెచ్‌సీ అనే వేరే తరగతి, పాత ఫోన్లకి వాటిని చదవడం రాదు. ‘నాలుగు జీబీ చిప్పు కొన్నాను, ఫోను తీసుకోవట్లేదు’ అని వచ్చినవాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పే ఓపిక అందరికీ ఉండేది కాదు. చిప్పు పాడైంది మార్చుకోండి అనేవారు. నకిలీ కార్డుల బెడద ఇంకోటి. పైన 8 జీబీ అని రాసి, ఫోనులో 8 అనే చూపించి, లోపల ఒకటే ఉన్న కార్డులు వారపు సంతల్లో దొరికేవి. అవి నిండిన తర్వాత ఎక్కించినవేవీ ఆడవు.

హెచ్.263కి కొలతల పట్టింపు ఉంది. ఫోన్లకి సరిపోయేవి 128×96, 176×144, మహా అయితే 352×288. పనికి కొత్తగా చేరిన కుర్రాడు ఫోను తెర 320×240 కదా అని అదే కొట్టేవాడు. కన్వర్టరు ఒప్పుకునేది కాదు. ఎంపెగ్4 అయితే ఏ కొలతైనా సరే, అది ఎంచుకోవాలని తెలియడానికి కొన్నాళ్లు పట్టేది. ఫార్మాట్ ఫ్యాక్టరీ, టోటల్ వీడియో కన్వర్టర్ అని షాపుకో సాఫ్ట్‌వేరు. ఇలాంటివాటిలో చాలావాటికి లోపల పని చేసేది మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్, 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేరు. కాశీబుగ్గలో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. టెక్కలి ఐతమ్ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు సెలవుల్లో వచ్చి షాపుల్లో కూర్చున్నప్పుడు ఇలాంటి సంగతులు బయటపడేవి.

మాట సంగతి దగ్గరే అసలు నష్టం జరిగింది. ఏఎంఆర్‌ని ఫోనులో మాట్లాడుకోవడానికి తయారుచేశారు. సెకనుకి 8,000 నమూనాలు తీస్తుంది, సుమారు 200 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనినే పట్టించుకుంటుంది. ఒక మనిషి గొంతు ఎలా పలుకుతుందో ఊహించుకుని దాని ప్రకారం కుదిస్తుంది. సినిమాలో డైలాగులకి ఇది చాలు. తప్పెటగుళ్ల వీడియో ఇస్తే?

మా వైపు తప్పెటగుళ్లంటే మెడలో వేలాడే తప్పెటని రొమ్ము మీద ఆనించుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలు మోగేలా గుండ్రంగా తిరుగుతూ పాడతారు. ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకో, ఊళ్లో గ్రామదేవత సంబరానికో కెమెరా పెట్టి తీసిన డీవీడీని 3జీపీ చేస్తే గజ్జెల శబ్దం పైన కోతపడి పోతుంది, తప్పెట అడుగున ఉన్న బరువు కింద కోతపడి పోతుంది. పదిమంది కలిసి పాడిన చోట, ఒక్క గొంతు కోసం చేసిన ఏఎంఆర్ తికమకపడి అందరినీ కలిపి గరగరలాడిస్తుంది. మిగిలేది ముందు పాడినవాడి గొంతు, వెనక ఏదో చప్పుడు. జముకుల కథదీ అదే గతి. జముకు తీగె లాగి వదిలినప్పుడు వచ్చే మెలిక మొత్తం మాయం.

దీనికి విరుగుడు అప్పుడూ ఉంది. నోకియాల్లో చాలావాటికి ఏఏసీ ఆడియో వచ్చు. సెట్టింగుల్లో ఏఎంఆర్ తీసి 48 కిలోబిట్ల ఏఏసీ పెడితే గంటకి అదనంగా అయ్యేది 16 ఎంబీ. ఒక్క బటను తేడా. షాపువాణ్ణి అనడానికి లేదు. గుమ్మం దగ్గర పదిమంది నిలబడి ఉంటారు, ప్రతి ఫోనుకీ ఏది పడుతుందో చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. ఏ ఫోనులోనైనా ఆడేది ఏఎంఆర్, అందుకని దాన్నే నమ్ముకున్నారు. పది రూపాయల పనికి అంతకంటే అడగడం న్యాయం కాదు. సినిమాలు ఎక్కించడం 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నేరమేనని కూడా ఇక్కడే చెప్పుకోవాలి, దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. సంబరం వీడియో, పెళ్లి వీడియో ఎవరివి వాళ్లవే.

వెనక్కి వచ్చే ఫిర్యాదులు కొన్ని రకాలే. “బావూ, బొమ్మొస్తంది గానీ మాట రాట్లేదు, ఏటిది?” అని ఒక ముసలమ్మ అడిగిందంటే, డీవీడీలోని ఏసీ3 (డాల్బీ) ఆడియోని మార్చకుండా అలాగే దించేశారని అర్థం. ఫోనుకి డాల్బీ రాదు. “ఉండు మామ్మా, ఐదు నిమిషాలు” అని, తెలిసిన కుర్రాడైతే బొమ్మని ముట్టుకోకుండా ఆడియోని మాత్రం మార్చి ఇచ్చేవాడు. తెలియనివాడు మొత్తం మళ్లీ మొదలుపెట్టేవాడు, గంట. మాట వచ్చి బొమ్మ నల్లగా ఉంటే వీడియో హెచ్.264లో హై ప్రొఫైల్ అయి ఉంటుంది, ఫోనుకి బేస్‌లైన్ దాకానే వచ్చు. ఇక ఎఫ్ఎల్‌వీ ఫైలు చివర పేరు చెరిపి 3జీపీ అని రాసుకుని ‘మార్చేశాను, ఆడట్లేదు’ అని వచ్చే కాలేజీ గుంటలు ఎప్పుడూ ఉండేవారు.

అన్నిటికంటే ఏడిపించింది కరెంటు. ఎంపీ4, 3జీపీ ఫైళ్లలో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంటుంది. మార్చడం మొత్తం పూర్తయ్యాకే కన్వర్టరు దాన్ని చివర్లో రాస్తుంది. మూడు గంటల పెళ్లి వీడియో తొంభై శాతం అయిన తర్వాత కరెంటు పోతే, డిస్కులో వందల ఎంబీల ఫైలు ఉంటుంది, పట్టిక ఉండదు. ఏ ప్లేయరూ తెరవదు. అదే ఏవీఐ అయితే వీఎల్‌సీ పట్టికని మళ్లీ కట్టుకుని పోయినంత వరకు ఆడిస్తుంది. వేసవి కోతల్లో యూపీఎస్ బ్యాటరీ చచ్చిన షాపులు పెళ్లి డీవీడీలు తీసుకోవడానికి జంకేవి. తీసుకున్నా రాత్రికి పెట్టి పొద్దున్న రమ్మనేవారు.

పెళ్లి డీవీడీకి దాని తిప్పలు దానికున్నాయి. లోపల వీఓబీ ఫైళ్లు ఒక్కొక్కటి ఒక జీబీకి మించకుండా ముక్కలై ఉంటాయి. ముక్క ముక్కనీ విడిగా మార్చి అతికితే అతుకు దగ్గర తాళి కట్టే మేళం ఒక అర సెకను జరుగుతుంది, అక్కణ్నుంచి చివరి దాకా పంతులుగారి పెదవులకీ మంత్రానికీ పొత్తు కుదరదు. ముందు ముక్కలన్నీ వరసలో కలిపి తర్వాత మార్చాలి. విండోస్ నల్లతెరలో కాపీ ఆదేశానికి స్లాష్ బి చేరిస్తే ఆ పని అయిపోతుంది. అలా మార్చిన ఫైలు చిప్పులో ఎక్కి, చిప్పు కాగితంలో మడతపడి, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ పోయే చుట్టం జేబులో బయల్దేరి, అక్కణ్నుంచి విమానమెక్కేది. చెల్లెలి పెళ్లికి రాలేకపోయిన అన్న దాన్ని గల్ఫ్ క్యాంపులో రెండంగుళాల తెర మీద చూసుకునేవాడు.

2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యాక ఈ వ్యాపారం చూస్తూండగానే పడిపోయింది. డేటా చవకైంది, యూట్యూబ్ చేతిలోకి వచ్చింది, కంప్యూటర్లు ఇనుప సామాను కొట్టుకి పోయాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి, పనస చెట్లతోపాటు స్తంభాలూ పడిపోయినప్పుడు, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు. జనరేటరు దగ్గర డబ్బులిచ్చి ఛార్జి చేసుకున్న ఫోనులో ఆడినవి కార్డులో ఉన్నవే. అదే తుఫాను వాన ఎన్నో ఇళ్ల బీరువాల్లోకి, అటకల మీదికి పోయింది. పెళ్లి క్యాసెట్లు, డీవీడీలు అక్కడే ఉండేవి. తడవనివాటికీ ఉప్పుగాలి ఉంది. టేపుకి బూజు పడుతుంది, డిస్కు పైపొర రేకులుగా లేస్తుంది.

అందుకని ఇప్పుడు పాత ఫోన్ల డబ్బాలో చిప్పులు దొరికితే చెయ్యాల్సిన పని ఒకటుంది. కార్డుని ఫోనులో పెట్టి తిప్పకుండా, ముందు కంప్యూటరులోకి మొత్తం కాపీ చేసుకోవాలి. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనాలి. 3జీపీ ఆడకపోతే వీఎల్‌సీలో చూడాలి, హెచ్.263, ఏఎంఆర్ రెండూ దానికి వచ్చు. పెద్ద టీవీలో బాగుంటుందని 176×144ని 1080కి పెంచి మార్చి, అసలుది చెరిపేయడం మాత్రం వద్దు. పోయిన గజ్జెలు తిరిగి రావు సరికదా, మళ్లీ మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. ఇతరులకి పంపడానికి కావాలంటే హెచ్.264, ఏఏసీతో ఇంకో ప్రతి చేసుకుని, పాతది పాతదిగానే ఉంచాలి. డీవీడీ బతికుంటే దాని వీఓబీలని అలాగే దించుకోవాలి. వాటిని పెద్ద తెరకి మార్చేటప్పుడు డీఇంటర్‌లేస్ పెట్టాలి, లేకపోతే కాళ్లు కదిలిన చోటల్లా దువ్వెన గీతలు పడతాయి. ఫోను తెర మీద ఆ గీతలు కనబడలేదంటే, అంత చిన్న బొమ్మకి సగం వరసలే చాలు కాబట్టి.

ఫైలు పేరు మార్చి ఊరు, సంబరం, పాడిన జట్టు రాసుకోవాలి. తెలుగులోనే రాయొచ్చు, అప్పటి ఫోన్లలో తెలుగు పేర్లు గళ్లుగా వచ్చేవి, ఇప్పుడా బాధ లేదు. ఫైలు తేదీని మాత్రం నమ్మకండి. ఆ పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చినవి ఎన్నో. స్విచ్ వేసిన ప్రతిసారీ గడియారం ఏ పాత జనవరి 1కో పోయేది, ఎవరూ దిద్దేవారు కాదు. 2012లో జరిగిన పెళ్లి కార్డులో 2002 అని పడి ఉంటుంది. పెళ్లి తేదీకి శుభలేఖ వెతకాలి, సంబరానికైతే ఆ ఏడు చందా పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.