మారిషస్ జనాభా, వలసలు
హిందూ మహాసముద్రంలోని మారిషస్‌కు మూలవాసులంటూ లేరు. అక్కడి జనమంతా వచ్చి చేరినవారే. 1638లో స్థిరపడిన డచ్చివారు 1710లో దీవిని వదిలేశారు. ఆపై ఫ్రెంచివారు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చారు. 1810లో అది బ్రిటిష్ ఏలుబడిలోకి వెళ్లింది.

1835లో బానిసత్వం రద్దు కానుండటంతో చెరకు తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1834 నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. కొందరు రీయూనియన్ వంటి చోట్లకు సాగిపోయారు. ఓడ దిగినవారు 16 రాతి మెట్లెక్కి నమోదు కేంద్రానికి చేరేవారు. ఆప్రవాసీ ఘాట్ పేరిట అది 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. బానిసత్వానికి బదులు స్వేచ్ఛా శ్రమ అన్నారు గానీ, ఆ స్వేచ్ఛ కాగితాల మీదిదే: ఒప్పందం ముగిసిన కూలీ కూడా ఫొటో అంటించిన అనుమతి చీటీ వెంట ఉంచుకోవాల్సి వచ్చేది.

1861 నాటికే జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు భారతీయులు. భోజ్‌పురి ప్రాంతంవారే ఎక్కువ. కోరంగి రేవు నుంచి తెలుగువారూ వెళ్లారు. నేడక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. అయినా ఇళ్లలో ఎక్కువగా వినిపించేది ఫ్రెంచి మూలాల క్రియోల్. 1968లో స్వతంత్రమైన దేశపు పార్లమెంటులో, సముదాయాల మధ్య సమతూకానికి 8 వరకు అదనపు స్థానాలు కేటాయించారు.