పుదుచ్చేరి సముద్రపు బాట



యానాం నుంచి పనిమీద పుదుచ్చేరి వెళ్ళేవాళ్ళు ఓ పూట మిగిలితే సైకిలు అద్దెకు తీసుకుని గుబేర్ అవెన్యూకి వెళ్ళండి. సముద్రం అంచున ఒకటిన్నర కిలోమీటరు నున్నని బాట, ఎత్తుపల్లాలు లేవు. కొత్తగా తొక్కడం నేర్చిన పిల్లవాడైనా పది నిమిషాల్లో దాటేస్తాడు. అంత తొందర మాత్రం వద్దు.

ఉత్తరం కొస నుంచి బయలుదేరితే ఎడమవైపు సముద్రం, కుడివైపు 1836లో వెలిగిన పాత దీపస్తంభం. ఆ దగ్గరే గాంధీగారి విగ్రహం. దక్షిణం కొసన డూప్లే. 1742 నుంచి 1754 దాకా గవర్నరుగా చేసినవాడు. ఆయన దుబాసీ ఆనందరంగ పిళ్ళె దినచర్య రాసుకున్నది తమిళంలోనే గాని, కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చింది ఆయనకే! మన యానాం పాలన ఫ్రెంచివారి నాడూ ఈ ఊరి నుంచే, ఇప్పుడూ ఈ ఊరి నుంచే.

ఇంత అందమైన బాట పక్కన ఇసుకకు బదులు చాలాచోట్ల నల్లరాళ్ళు కనిపిస్తాయి. 1980ల చివర ఊరికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టారు. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అది గోడ దగ్గర ఆగిపోయింది, పైనున్న ఒడ్డు కోసుకుపోయింది. రోడ్డు నిలవడానికి బండరాళ్ళు పోశారు. పడవలు లాగి వలలు ఆరేసుకునే చోటు లేక ఉత్తరాన జాలరిపల్లెలు నష్టపోయాయి.

2018లో నీటి అడుగున ఒక కట్టు వేశాక సచివాలయం ఎదుట కొంత ఇసుక తిరిగి చేరింది. తిరుగు దారిలో సైకిలు దిగి ఆ ఇసుక చూసి రండి.