ముసలమ్మ కట్ట తరఫున ఒక అభ్యంతరం

అనంతపురం గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ ఉపన్యాసం విన్నా ఒక వాక్యం తప్పదు: దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని. పోటీ పరీక్షల పిల్లలు దాన్ని బట్టీ పడతారు, నాయకులు వేదికల మీద వల్లిస్తారు, మావాళ్ళే పెళ్ళిళ్ళలో బెంగళూరు బంధువులకు చెప్పుకుంటారు. బుక్కరాయసముద్రంలో పుట్టి, చెరువు కట్ట కింద మడుల్లో తిరిగి పెరిగినవాణ్ణి. ఆ వాక్యం తప్పు. అది మా రైతు ఇళ్ళకు చెరుపు కూడా చేసింది.

ముందు లెక్క చూద్దాం. మా ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేరుకు ఇందులో సగం కూడా లేదు. బార్మేరు, బికనీరు, శ్రీగంగానగర్, జోధ్‌పూర్‌లకూ మాకంటే తక్కువే. లేహ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండో స్థానం ఎవరు ఇచ్చారో, ఏ పట్టిక చూసి ఇచ్చారో ఆ వాక్యం వల్లించేవాళ్ళెవరూ చెప్పరు. మాది వానచాటు ప్రాంతమంటే ఒప్పుకుంటాను. నైరుతి పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తుంది, ఈశాన్యం కోస్తాలో కురిసి అలిసి వస్తుంది. మాకు వాన లేకపోవడం కంటే వాన నిలకడ లేకపోవడమే అసలు కష్టం.

దీనికి మా ఊరి పుట్టుకే సాక్ష్యం. విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు 1364లో పండమేరు ఏటికి అడ్డంగా కట్ట వేయించి, కట్టకు ఒక కొసన మా బుక్కరాయసముద్రాన్ని, రెండో కొసన అనంతసాగరాన్ని నిలిపాడని చెబుతారు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. ఆ పేరు బుక్కరాయల రాణిదని కొందరంటారు. అలాంటి పేరు గల రాణే ఆయనకు లేదు గనుక అది అనంతరస చిక్క ఒడెయరు సొంత పేరేనని ఇంకొందరంటారు. నేను రెండో పక్షం. రాజు పేరు ఒక కొసన పెట్టినవాడు తన పేరు రెండో కొసన పెట్టుకోవడంలో వింత లేదు. పేరు ఎవరిదైనా, ఎడారిలో అంత కట్ట ఎవరూ వేయరు. నాలుగు రోజుల్లో ఉరికి పోయే నీటిని పట్టి ఏడాది పొడవునా వాడుకోవాలనుకున్నవాడే వేస్తాడు.

మా ఊరి దేవత ముసలమ్మ కథ ఇంకా గట్టి సాక్ష్యం. సి.పి. బ్రౌన్ 1853లో అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలో ఆ కథ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే 'ముసలమ్మ మరణం' కావ్యం చేశాడు. జడివానకు చెరువు నిండి కట్టకు గండి పడబోతే, ఊరిని కాపాడడానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన్ను తాను అర్పించుకుంది. సాహిత్యం వాళ్ళు ఆ త్యాగం దగ్గరే ఆగిపోయారు. నేను ఇంకొకటి చూస్తాను: కరువు సీమగా పేరుబడ్డ మా ఊరి మూల కథ వరద కథ. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగినప్పుడు పేపర్లు ఆశ్చర్యపోయాయి. ముసలమ్మ కట్ట దగ్గర పెరిగినవాళ్ళకు అందులో ఆశ్చర్యం లేదు. వాతావరణం మారాక ఆ పాత గుణమే ముదిరింది. ఎండు రోజులు సాగుతున్నాయి, కురిసినప్పుడు కుండపోత.

ఇలాంటి చోట ఒక్క పంటను నమ్మడం ఈ నేల బుద్ధి కాదు. పాత ఇళ్ళలో ఒకే చేలో జొన్న, కొర్ర, కంది, అనుము, అలసంద, చివర్లో ఉలవ ఉండేవి. దొడ్లో ఆవులు, మంద కట్టినవాళ్ళకు జీవాలు, కురుబల ఇళ్ళలో కంబళి మగ్గం. ధర్మవరం వైపు పట్టు మగ్గం, హిందూపురం వైపు పట్టుపురుగులు. ఒకటి పోతే ఇంకొకటి నిలబెట్టేది. చెనక్కాయ (వేరుశనగ) వచ్చి వీటిని తోసేసింది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా అదే పంట. నూనెగింజలకు ధర, సబ్సిడీ విత్తనం, బీమా అన్నీ చెనక్కాయ చుట్టే తిరిగాయి. జూన్‌లో పదును చూసి విత్తితే, ఊడలు దిగే వేళకు ఆగస్టులో వాన ముఖం చాటేసేది. ఏళ్ళ తరబడి ఇదే. "జైసల్మేరు తర్వాత మీరే" అన్న మాట అప్పుడు అధికారులకు బాగా అక్కరకొచ్చింది. ఖాతాలో తప్పంతా వానదే అయిపోయింది, ఒకే పంటకు అలవాటు పడ్డ పద్ధతి తప్పించుకుంది.

ఇప్పుడు ఇళ్ళు మళ్ళీ పలు దారులు వెతుక్కుంటున్నాయి. దీన్ని పథకాలు నేర్పిన కొత్త విద్యగా రాసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మా మండలంలోనే ఉన్న రేకులకుంట పరిశోధన స్థానం చెనక్కాయ సాళ్ళ మధ్య కంది వేయమని, అదను దాటితే జొన్న, ఉలవ, అలసంద వేసుకోమని చెబుతుంది. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు. వాళ్ళ శ్రమను గౌరవిస్తాను, కాని అది మా అవ్వల సేద్యమేనని ఒక మాట రాయాలి.

ఆదాయం పలు దారులైతే చాలదు, అన్నీ ఒకే వానకు కట్టుబడి ఉండకూడదు. చీనీ (బత్తాయి) తోట సంగతే చూడండి. పేరుకు పంట మార్పిడి. కాపు పట్టడానికి ఐదేళ్ళు, నీళ్ళకు బోరు మీద బోరు. బోరు ఎండిన ఏడు ట్యాంకరు నీళ్ళు పోసి చెట్లను బతికించుకున్న రైతు అప్పు చెనక్కాయ రైతు అప్పు కంటే పెద్దది. ఆ తోటను సాహసం అంటాను, ఆసరా అనను. జీవాల తీరు వేరు. చెనక్కాయ చేలో కాయ పట్టకపోయినా కట్టె వాటికి మేతవుతుంది, పిల్లల ఫీజు కట్టే నెలలో రెండు పొట్టేళ్ళు సంతకు పోతాయి. గడ్డి పూర్తిగా లేని ఏడు అవీ నష్టానికే అమ్ముడుపోతాయి. అప్పుడు ఊరు నిలబడేది వానతో పని లేని కూలి మీదే. అలాంటి కూలి ఇచ్చిన ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మాకు దగ్గరి నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. దేశానికి ఆ పథకం మా పక్క ఊరి నుంచి నడిచిందన్న గర్వం నాకుంది. దానికి తోడు బెంగళూరులో మేస్త్రీ పని, 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ పుట్టిన పనులు.

బెంగళూరు నుంచి కొడుకు పంపే డబ్బుతో తండ్రి విత్తనం కొంటాడు. ఆ చేను లెక్క వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది, ఆ కొడుకు కూలి లెక్క ఎక్కడా ఉండదు. పొలం ఒంటరిగా ఇల్లు పోషిస్తున్నట్టు, అది చేతకాక ఓడిపోతున్నట్టు నివేదికలు రాస్తారు. 2022లో జిల్లా రెండు ముక్కలయ్యాక కొత్తగా చరిత్రలు రాస్తున్నవాళ్ళకు నా విన్నపం ఇదే: జైసల్మేరు వాక్యం తీసేయండి. ఆ చోట మా ఇంటి మంద, మగ్గం, మేస్త్రీ కూలి, కట్ట కింద మడి ఒకే పట్టికలో పెట్టి రాయండి. వివరాలు కావాలంటే కట్ట మీదికి రండి, పెద్దవాళ్ళు చెబుతారు.