కిటికీ పక్కన మర్చిపోయిన ట్యూబు

ఓపెన్ సోర్స్ అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళదే అనుకుంటాం గానీ, నన్నడిగితే బయాలజీ వాళ్ళూ ఏం తీసిపోలేదు. వాళ్ళ ప్లాస్మిడ్ల కథే చూడండి.

ప్లాస్మిడ్ అంటే గుండ్రటి చిన్న డీఎన్ఏ. ఓ లైబ్రరీ ఫైల్ అనుకోండి. కావాల్సిన ప్రొటీన్ జీనూ, దాని ముందు "ఇక్కణ్ణించి మొదలెట్టు" అని చెప్పే ప్రమోటరూ అందులో ఉంటాయి. కోతి కణంలోకో మనిషి కణంలోకో ఎక్కిస్తే, ఆ ప్రొటీన్‌ని కణమే తయారుచేసుకుంటుంది.

జపాన్‌లోని రికెన్ సంస్థలో మియవాకి బృందం ఓ పగడపు జీవి నుంచి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తీసింది. ఒక ట్యూబు రాత్రంతా బల్ల మీదే ఉండిపోయింది. మర్నాడు చూస్తే, దక్షిణపు కిటికీలోంచి ఎండ తగిలి ఎర్రబడి ఉంది! అట్టపెట్టెలో ఉన్నవి మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. అతినీలలోహిత కాంతి వల్లే ఈ మార్పని తేల్చి, 2002లో ప్రచురించారు. పేరు 'కయేదే', అంటే జపనీస్‌లో మేపుల్ చెట్టు. దీంతో లాభం ఏంటంటే, కణంలో ఒక మూలనే కాంతి వేసి, ఎర్రబడ్డ ప్రొటీన్లు ఎటు పోతున్నాయో చూడొచ్చు. మనం ఒక్క రిక్వెస్టుకి ఐడీ తగిలించి లాగ్‌లో వెంటపడతామే, అలాగన్నమాట.

2005లో, అప్పటికి ఏ యూనివర్సిటీలోనూ లేని ఎరిక్ బెట్జిగ్, హెరాల్డ్ హెస్ ఫ్లోరిడా వెళ్ళినప్పుడు, ఇలా కాంతితో మార్చగలిగే ప్రొటీన్ల సంగతి మైకేల్ డేవిడ్సన్ చెప్పాడు. వాళ్ళు హెస్ ఇంటి హాల్లోనే మైక్రోస్కోపు కట్టారు. ఒక్కోసారి కొన్ని అణువుల్నే వెలిగించి, వాటి చోటు గుర్తించి, అన్నీ కలిపి బొమ్మ చేయడం దాని పద్ధతి. 2006లో వచ్చిన ఆ పేపర్‌లో కయేదే కూడా ఉంది. 2014లో బెట్జిగ్‌కి నోబెల్‌లో వాటా వచ్చింది. డేవిడ్సన్ మాత్రం తన ప్లాస్మిడ్లు వందలకొద్దీ యాడ్‌జీన్‌కి ఇచ్చేశాడు. 2004లో అమెరికాలో మొదలైన ఈ లాభాపేక్ష లేని సంస్థ వాటిని భద్రపరిచి, కొద్దిపాటి రుసుముతో ల్యాబులకి పంపిస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, దీనికి ముందు ఇంకో కథ ఉంది. కయేదే కంటే ముందొచ్చిన జెల్లీఫిష్ ప్రొటీన్ జీఎఫ్‌పీ జీన్‌ని 1992లో క్లోన్ చేసింది డగ్లస్ ప్రాషర్. గ్రాంటు అయిపోతే, ఆ జీన్‌ని మార్టిన్ చాల్ఫీకీ రోజర్ చెన్‌కీ ఇచ్చేశాడు. చాల్ఫీ 1994 పేపర్‌లో ఆయన పేరూ ఉంది. 2008లో వాళ్ళిద్దరికీ, షిమొమురాకీ నోబెల్ వచ్చేనాటికి, ప్రాషర్ అలబామాలో ఓ కార్ల షోరూమ్‌లో కస్టమర్లని దింపే వ్యాన్ నడుపుతున్నాడు.

అంటే, కమిట్ లాగ్‌లో పేరుంటే సరిపోదండీ, ఆ పేరున్న మనిషికి జీతం కూడా ఉండాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డాక ఓపెన్ ఎస్సెస్సెల్ విషయంలో మనకీ అర్థమైంది ఇదే. పంచుకోవడం గొప్పదే, కానీ దానికయ్యే ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. యాడ్‌జీన్ రుసుము పద్ధతి నాకు నచ్చింది అందుకే. మనం రోజూ ఉచితంగా దించుకునే లైబ్రరీల వెనక ఎంతమంది ప్రాషర్లు ఉన్నారో ఒకసారి ఆలోచించండి. మీ కంపెనీ వాళ్ళకేమైనా ఇస్తోందా?