మ్యూజియంలో మన వస్తువు ఎక్కడ ఉండాలో ఎవరు చెప్పాలి?



ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. మ్యూజియంల గురించి రాస్తున్నాం. మనలో చాలామందికి మ్యూజియం అంటే స్కూల్ నుంచి తీసుకెళ్తే ఒక గంట తిరిగి వచ్చే చోటు, అంతే. కానీ మన గురించి బయటి జనం అనుకునేవాటిలో చాలా భాగం అక్కడే తయారయింది. ఒక్క పుస్తకం కూడా చదవని మనిషి అద్దం వెనక బొమ్మని చూసి "ఓహో, వీళ్ళు ఇలా ఉంటారా" అనుకుని వెళ్ళిపోతాడు. ఆ బొమ్మని అక్కడ ఎవరు పెట్టారు, ఎందుకు అలా పెట్టారు అన్నదానికి 140 ఏళ్ళ చరిత్ర ఉంది. ఇప్పుడు మన ప్రాంతాలకి కూడా మ్యూజియంలు వస్తున్నాయి కాబట్టి ఆ చరిత్ర మనకి తెలియాలి.

1884 నుంచి మొదలుపెడదాం. పిట్ రివర్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి తాను పోగుచేసిన 20 వేలకు పైగా వస్తువులని ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఇచ్చాడు. ఆ మ్యూజియం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆయన వస్తువులని తెగల వారీగా పెట్టలేదు, రకాల వారీగా పెట్టాడు. ఈటెలన్నీ ఒక చోట, బుట్టలన్నీ ఒక చోట. అందులోనూ సాదాగా ఉన్నది ముందు, పనితనం ఎక్కువ ఉన్నది తర్వాత. 1875లో ఆయన ఉపన్యాసంతో పాటు వేసిన ఒక చిత్రం ఉంది. మధ్యలో ఒక మామూలు కర్ర, దాని చుట్టూ కిరణాల్లాగా గదలు, బూమరాంగ్‌లు, డాళ్ళు, బల్లేలు. అన్నీ ఆస్ట్రేలియా ఆదివాసులవే. అప్పటికి కళ్ళెదుట బతికి ఉన్న మనుషుల్ని ఆయన మానవజాతి చిన్నతనానికి నమూనాగా చూపించాడన్నమాట.

ఆయన ఇంకో సంగతి కూడా దాచుకోలేదు. మార్పు ఎప్పుడూ మెల్లగా, మెట్టు మెట్టుగానే వస్తుందని ఈ వరసలు చూసి కష్టజీవులు నేర్చుకుంటారని, అప్పుడు విప్లవం మాటలకి లొంగరని బహిరంగంగానే చెప్పాడు. అంటే వస్తువుల వరస వెనక రాజకీయం మొదటి నుంచీ ఉంది.

ఈ పద్ధతిని గట్టిగా ప్రశ్నించిన మనిషి ఫ్రాంజ్ బోయాస్. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళాడు. వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో ఓటిస్ మేసన్ అనే ఆయన కూడా వస్తువులని రకాల వారీగానే పెట్టేవాడు. 1887లో సైన్స్ అనే పత్రికలో వీళ్ళిద్దరికీ పెద్ద వాదన జరిగింది. బోయాస్ చెప్పిన ఉదాహరణ మనకి బాగా అర్థమవుతుంది. గిలక్కాయలన్నీ ఒకే అరలో పెడితే ఏం తెలుస్తుంది? ఒక చోట అది పిల్లల ఆట వస్తువు. ఇంకో చోట దేవతని పిలవడానికో దయ్యాన్ని తరమడానికో ఊపేది. చూడటానికి రెండూ ఒకటే, పని వేరు. కాబట్టి ఒక జనం వస్తువులన్నీ కలిపి పెట్టాలి, వాళ్ళ జీవితం మధ్యలో ఆ వస్తువుని చూపించాలి అన్నాడు.

మన దగ్గరికి తెచ్చి చూడండి. గోండుల గుస్సాడీ నెమలి పింఛాల టోపీని "తల పాగాలు, టోపీలు" అనే అరలో పెట్టారనుకుందాం. అది దీపావళి ముందు దండారి రోజుల్లో కట్టేదని, కట్టినవాడికి నియమాలు ఉంటాయని, గుంపు ఊరూరూ తిరుగుతుందని చూసినవాడికి ఎక్కడ తెలుస్తుంది? వాడు ఈకలు మాత్రమే చూసి వెళ్తాడు.

బోయాస్ తర్వాత న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో చేరాడు. అమెరికా ఖండం వాయవ్య తీరంలోని ఆదివాసుల వస్తువులతో అక్కడ ఒక పెద్ద హాలు 1899లో తెరిచారు. అందులో తెగల వారీగా ఏర్పాటు చేశాడు. కానీ ప్రదర్శన మామూలు జనానికి ఎలా ఉండాలి అన్నదాని మీద పైవాళ్ళతో గొడవపడి 1905లో మ్యూజియం వదిలేశాడు.

ఇక్కడ బోయాస్‌ని దేవుడిని చేయకూడదు. ఆదివాసుల సమాధుల నుంచి ఎముకలు తీసినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. 1897లో పియరీ అనే అన్వేషకుడు గ్రీన్‌లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్‌లని ఓడలో ఆ మ్యూజియానికి తెచ్చాడు. ఒకరిని తెమ్మని అడిగింది బోయాసే. కొన్ని నెలల్లోనే నలుగురు జబ్బు చేసి చనిపోయారు. చనిపోయినవాళ్ళలో కిసుక్ అనే ఆయన ఉన్నాడు. ఆయన కొడుకు మినిక్ చిన్నపిల్లవాడు. ఆ పిల్లవాడిని నమ్మించడానికి ఒక దుంగకి తోలు చుట్టి మ్యూజియం తోటలో ఉత్తుత్తి అంత్యక్రియలు చేశారు. తండ్రి ఎముకలు మాత్రం మ్యూజియంలోనే ఉంచుకున్నారు. పెద్దయ్యాక మినిక్‌కి నిజం తెలిసి అడిగినా ఇవ్వలేదు. ఆ నలుగురి ఎముకలు గ్రీన్‌లాండ్ చేరింది 1993లో. అప్పటికి మినిక్ చనిపోయి 75 ఏళ్ళు. వస్తువుని గౌరవంగా పెట్టాలని వాదించిన చోటే మనిషికి ఇలా జరిగింది.

ఇప్పుడు కెనడా సంగతి. అక్కడ పడమటి తీరంలో క్వాక్వాకావక్ జనానికి పాట్లాచ్ అనే పెద్ద పండగ ఉంది. పేరు పెట్టినా, పెళ్ళయినా, పెద్దాయన పోయినా అందరినీ పిలిచి, ముసుగులు కట్టి ఆడి, వచ్చినవాళ్ళకి కానుకలు పంచుతారు. దాన్ని నిషేధిస్తూ 1884లో చట్టం చేశారు. 1951 దాకా ఆ నిషేధం పోలేదు. 1921లో డాన్ క్రాన్మర్ అనే పెద్ద పాట్లాచ్ చేస్తే అధికారులు కేసులు పెట్టారు. ముసుగులు, రాగి ఫలకాలు అప్పగిస్తే శిక్ష తగ్గిస్తాం అన్నారు. కొందరు జైలుకే వెళ్ళారు. లాక్కున్నవి మ్యూజియంలకి, సొంతంగా దాచుకునేవాళ్ళకి చేరాయి.

ఆ జనం దశాబ్దాలు అడిగారు. చివరికి వస్తువులు తిరిగి రావడం మొదలైంది, కానీ వాటికోసం మ్యూజియం కట్టాలనే షరతు మీద. 1979లో కేప్ మడ్జ్‌లో ఒకటి, 1980లో అలర్ట్ బేలో ఇంకొకటి తెరిచారు. అలర్ట్ బే కేంద్రం పేరు ఉమిస్తా. పాతకాలంలో శత్రువులు ఎత్తుకెళ్ళిన మనుషులు ఇంటికి తిరిగొస్తే ఆ రావడాన్ని ఆ మాటతో చెప్పేవాళ్ళు. అక్కడ ప్రదర్శన ఎలా చేశారో చూడండి. ముసుగులని అద్దాల పెట్టెల్లో పెట్టలేదు. ఇన్నేళ్ళు బంధించి ఉంచారు, మళ్ళీ బంధించడమేంటి అన్నారు. పాట్లాచ్‌లో ఏది ముందు వస్తుందో, ఏది తర్వాత వస్తుందో దాదాపు ఆ వరసలోనే నిలబెట్టారు. పిట్ రివర్స్ కూడా వరసే పెట్టాడు, వీళ్ళూ వరసే పెట్టారు. అది బయటివాడు ఊహించిన వరస, ఇది పండగ తెలిసినవాళ్ళ వరస.

పెద్ద మ్యూజియంలు కూడా మెల్లగా దారికి వస్తున్నాయి. బోయాస్ పెట్టిన న్యూయార్క్ హాలుని 2022లో కొత్తగా తెరిచారు. ఆ తెగల వాళ్ళే దాని ప్రదర్శనకి రూపకర్తలుగా కూర్చున్నారు. 2024లో అమెరికాలో నియమాలు కఠినం చేశాక, ఆదివాసుల అనుమతి లేకుండా పెట్టిన వస్తువులున్న రెండు హాళ్ళని అదే మ్యూజియం మూసేసింది. పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనుషుల తలలని ప్రదర్శన నుంచి తీసేసింది. మన దేశపు నాగా జనం తమ పూర్వీకుల అవశేషాల కోసం ఆ మ్యూజియంతో మాట్లాడుతున్నారు. 2024 అక్టోబర్‌లో ఒక నాగా పుర్రెని బ్రిటన్‌లో వేలానికి పెడితే, నాగాలు ఒక్కటై అడిగేసరికి వెనక్కి తీసుకున్నారు. అడిగితే జరుగుతుంది.

మన దేశంలో మంచి ఉదాహరణలు భోపాల్‌లో ఉన్నాయి. ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం 1977లో ఢిల్లీలో మొదలై తర్వాత భోపాల్ వచ్చింది. శ్యామలా కొండ మీద దాదాపు 200 ఎకరాలు. ఆరుబయట రకరకాల తెగల ఇళ్ళు ఉంటాయి. ఆయా తెగల వాళ్ళే వచ్చి తమ పద్ధతిలో కట్టారు. అదే ఊళ్ళో 2013లో మధ్యప్రదేశ్ ట్రైబల్ మ్యూజియం తెరిచారు. అందులోని చాలా పనులు గోండు, భిల్లు, బైగా లాంటి తెగల కళాకారులు అక్కడే ఉండి చేశారు.

మరి మన సంగతి? హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి ట్రైబల్ మ్యూజియం ఉంది. అరకులో ఉంది, జోడేఘాట్‌లో కొమురం భీమ్ మ్యూజియం ఉంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ మంజూరు చేసిన ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియంలలో ఆంధ్రాకి లంబసింగి దగ్గర ఒకటి, తెలంగాణకి రాంజీ గోండు పేరుతో హైదరాబాద్‌లో ఒకటి ఉన్నాయి. ఇవి మనకి గర్వం. అందుకే ఇవి ఎలా తయారవుతాయో మనకి తెలియాలి.

ఒక ప్రదర్శన వెనక వరసగా పనులుంటాయి. ముందు ఏ కథ చెప్పాలో తేల్చుకుంటారు. తర్వాత వస్తువుల ఎంపిక, హాలు ప్లాను, లేబుళ్ళు రాయడం. ఆ తర్వాత వెలుతురు. ఈకలు, నూలు, బుట్టల లాంటి సున్నితమైన వాటి మీద 50 లక్స్ దాటి వెలుతురు పడకూడదని ఒక లెక్క ఉంది, లేకపోతే రంగు పోతుంది. చివరికి ప్రారంభోత్సవం. ఈ పనులన్నిటిలో మన వాళ్ళని ఎక్కువగా పిలిచేది దేనికి? ప్రారంభోత్సవం రోజు డాన్సుకి. థింసా ఆడమంటారు, గుస్సాడీ ఆడమంటారు. కథ తేల్చిన మొదటి మీటింగులో మాత్రం కుర్చీ ఉండదు.

మా హాస్టల్ నుంచి కొంతమందిమి ఒకసారి ఒక మ్యూజియానికి వెళ్ళాం. పేరు వద్దులెండి. ఒక బొమ్మ కింద తెగ పేరు, "వీరు వేటాడి జీవిస్తారు" అని ఒక లైను. అంతే. ఆ తెగ పిల్లలం మేం ముగ్గురం డిగ్రీ ఐడీ కార్డులు మెడలో వేసుకుని దాని ముందు నిలబడ్డాం. పక్కనున్న బుట్ట చేసింది ఎవరో పేరు లేదు, ఏ ఊరో లేదు, ఏ సంవత్సరమో లేదు. పేరు, ఏడాది లేకపోతే మనకి చరిత్ర లేనట్టే కనిపిస్తుంది.

అందుకే కొత్త మ్యూజియం ఏది వచ్చినా గ్రామసభల్లో, ఐటీడీఏ మీటింగుల్లో మనం ఈ ప్రశ్నలు అడగాలి. కథ తేల్చే కమిటీలో మన పెద్దలు, మన చదువుకున్న పిల్లలు ఎంతమంది? లేబుల్ మన భాషలో ఉంటుందా? గుంజాల గోండి లిపి 2018 నుంచి యూనికోడ్‌లో ఉంది, కాబట్టి ఫాంట్ లేదు అనే సాకు చెల్లదు. వస్తువు చేసినవాళ్ళ పేరు రాస్తారా? పెర్సా పేన్‌కి సంబంధించినవాటి లాగా ఎప్పుడు పడితే అప్పుడు బయటికి తీయకూడనివి ఉంటాయి, వాటిని పెట్టొద్దని చెప్పే హక్కు ఆ దేవుడి ఇంటివాళ్ళకి ఉంటుందా? ఈనాటి మనం, అంటే చదువు, ఉద్యోగం, పోడు పట్టా కోసం తిరుగుడు, ఇవన్నీ ఎక్కడైనా కనిపిస్తాయా?

ఇంకో మాట. ఈ పని నేర్చుకునే దారులు కూడా ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఉంది. బరోడా ఎమ్మెస్ యూనివర్సిటీలో మ్యూజియాలజీ ఉంది. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వీటిని కూడా చూడండి. ఆ మొదటి మీటింగులో కుర్చీ దొరకాలంటే ఇదీ ఒక దారే.

దానికంటే ముందు అందరం చేయగలిగిన పని ఒకటి ఉంది. ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీద ఉన్న పాత బుట్ట, డోలు, విల్లు, గంటెలు, ఏవైనా సరే, ఫోన్‌లో ఫొటో తీయండి. మన భాషలో దాని పేరేంటి, ఎవరు చేశారు, ఏ ఊరు, ఏ రోజున వాడతారు, ఎవరు ముట్టుకోకూడదు అని అమ్మమ్మనో తాతనో అడిగి నోటుబుక్కులో రాయండి. బయటికి చెప్పకూడదని పెద్దలు అన్నది రాయకండి. రేపు ఎవరైనా లేబుల్ రాయడానికి వస్తే, మన దగ్గర ముందే రాసి ఉండాలి.

జోహార్.