బ్రేకు కాలిపర్లకు రంగు వేయుట

బ్రేకు కాలిపర్లకు రంగు వేయుట అనగా కారు, మోటారు సైకిలు వంటి వాహనాల డిస్కు బ్రేకులలో ఉండే కాలిపర్ అనే లోహపు భాగానికి, తుప్పు నివారణ కోసం గానీ అందం కోసం గానీ, వేడిని తట్టుకొనే రంగు పూయడం. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో వాహన ప్రియులు సెలవు దినాలలో ఇంటివద్దనే చేసుకొనే పనులలో ఇది ఒకటి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే ప్రాంతాలలో కాలిపర్లు త్వరగా తుప్పు పడతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాలలో ఉప్పుగాలి వలన కూడా వాహనాల ఇనుప భాగాలకు ఇదే బెడద ఉంటుంది.

రంగు వలన బ్రేకు పట్టు పెరగదు. కానీ పడరాని చోట రంగు పడితే బ్రేకు చెడుతుంది. అందుచేత ఈ పనిలో రంగు ఎక్కడ వేయాలన్నదాని కంటే ఎక్కడ వేయకూడదన్నది తెలుసుకొనడం ముఖ్యం.

కాలిపర్ పనిచేసే విధానం

సైకిలు బ్రేకు నొక్కినపుడు రెండు రబ్బరు ముక్కలు రిమ్మును ఇరువైపుల నుండి పట్టుకొంటాయి. డిస్కు బ్రేకు సూత్రం కూడా ఇదే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెమును డిస్కు లేదా రోటరు అంటారు. దానిని పట్టకారు వలె ఇరువైపుల నుండి నొక్కే భాగమే కాలిపర్. బ్రేకు పెడలు నొక్కినపుడు మాస్టర్ సిలిండరులోని బ్రేకు ఆయిలుపై పీడనం కలుగుతుంది. పాస్కల్ సూత్రాన్ని అనుసరించి ఆ పీడనం గొట్టాల ద్వారా కాలిపర్ లోని పిస్టనును చేరుతుంది. పిస్టను ప్యాడును డిస్కుకు అదుముతుంది.

కాలిపర్లు ముఖ్యంగా రెండు రకాలు.

* స్థిర కాలిపర్: డిస్కుకు రెండు వైపులా పిస్టన్లు ఉంటాయి. కాలిపర్ కదలదు.
* జారుడు కాలిపర్: పిస్టను ఒక వైపు మాత్రమే ఉంటుంది. కాలిపర్ రెండు గైడు పిన్నులపై ఇటూ అటూ జరుగుతూ రెండవ వైపు ప్యాడును కూడా నొక్కుతుంది. సాధారణ కార్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే.

పెడలు వదిలినపుడు పిస్టనును వెనుకకు లాగడానికి ఇందులో స్ప్రింగు ఉండదు. పిస్టను చుట్టూ ఉన్న రబ్బరు సీలు, నొక్కినపుడు కొద్దిగా వంగి, వదిలినపుడు తన పూర్వ రూపానికి వస్తూ పిస్టనును తనతో పాటు వెనుకకు తెస్తుంది. ఆ దూరం మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే. రెండు మూడు పూతల రంగు మందం మిల్లీమీటరులో పదవ వంతు వరకు ఉండవచ్చు. జారవలసిన చోట పలుచని రంగు పొర పడినా ప్యాడు బిగుసుకొనడానికి కారణం ఇదే.

చరిత్ర

ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ సి-టైప్ కారు గెలవడంతో వీటికి ప్రసిద్ధి కలిగింది. 1955లో వెలువడిన సిట్రోయెన్ డి.ఎస్. కారు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులే ఉండేవి.

ఉక్కు చక్రాలు, వాటిపై మూతలు ఉన్నంత కాలం కాలిపర్ బయటికి కనిపించేది కాదు. వెడల్పైన సందులు గల అల్లాయ్ చక్రాలు వ్యాపించిన తరువాత అది అందరి కంటా పడసాగింది. పందెపు కార్లకు, వేగవంతమైన కార్లకు బ్రేకులు తయారుచేసే ఇటలీ సంస్థ బ్రెంబో ఎర్ర కాలిపర్లు పేరు పొందాయి. పోర్షె కార్లలో రంగు బ్రేకు రకాన్ని తెలిపే గుర్తుగా కూడా ఉపయోగపడింది. సిరామిక్ డిస్కులు గల బ్రేకులకు ఆ సంస్థ పసుపు రంగును వాడుకలోకి తెచ్చింది. ఇటువంటి కార్లను చూసిన సామాన్య కారు యజమానులు తమ కార్ల కాలిపర్లకు కూడా రంగు వేసుకొనసాగారు.

రంగు తగలకూడని భాగాలు

* ప్యాడ్ల చెవులు, అవి కూర్చుండే గాడులు: ఇక్కడ రంగు పడితే ప్యాడు వెనుకకు జరగదు.
* గైడు పిన్నులు, వాటి రంధ్రాలు: ఇక్కడ రంగు పడితే జారుడు కాలిపర్ బిగుసుకొంటుంది.
* పిస్టను, దానిపై ఉన్న రబ్బరు తొడుగు: థిన్నరు వలన రబ్బరు ఉబ్బవచ్చు లేదా పెళుసుబారవచ్చు. తొడుగు చిరిగితే నీరు, దుమ్ము చేరి పిస్టను తుప్పు పడుతుంది.
* బ్లీడరు నిపిల్ రంధ్రం, మరలు: ఇవి పూడుకొంటే ఆయిలులోని గాలి తీయడం కష్టమవుతుంది.
* బ్రేకు గొట్టం, దాని రాగి వాషర్లు ఆనే తలం.
* బోల్టుల మరలు, బోల్టు తల ఆనే తలం, హబ్బుకు చక్రం ఆనే తలం: వీటి మధ్య ఉన్న రంగు పొర క్రమంగా నలిగిపోయి బిగింపు సడలుతుంది.
* డిస్కు రాపిడి తలం, ప్యాడ్లు.
* ఎ.బి.ఎస్. సెన్సరు, దాని తీగ.

ప్యాడు వెనుకకు జరగకపోతే అది ఎప్పుడూ డిస్కుకు రాసుకొంటూనే ఉంటుంది. దాని వలన పుట్టిన వేడి పిస్టను ద్వారా బ్రేకు ఆయిలుకు చేరుతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిలు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. కానీ ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిలుకు ఆ ప్రమాణం విధించిన కనీస హద్దు 155 డిగ్రీలు. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం వలె కాక ఆవిరి నొక్కితే అణగుతుంది. అప్పుడు పెడలు నేలవరకు పోయినా బండి ఆగదు. ఘాట్ రోడ్డు దిగేటపుడు ఇది ప్రాణాంతకం కాగలదు.

రంగు రకాలు

కాలిపర్ల కోసం అమ్మే రంగులు డబ్బాలలో బ్రష్షుతో పూయడానికి, స్ప్రే రూపంలోను దొరుకుతాయి. ఇవి ఎంత వేడిని తట్టుకొంటాయో డబ్బాపై రాసి ఉంటుంది. ఇంటి గేట్లకు, కిటికీ ఊచలకు వేసే రెడ్ ఆక్సైడు, మామూలు ఎనామిల్ దీనికి పనికిరావు. అవి వేడికి రంగు మారి పొరలుగా ఊడిపోతాయి. పైగా గ్లైకాల్ ఈథరు ఆధారంగా తయారైన డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళు సాధారణ రంగును కరిగిస్తాయి.

గట్టిపరచే ద్రావణం కలిపి వాడే రెండు భాగాల రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇంటివద్ద పనిచేసేవారికి స్ప్రే కంటే బ్రష్షు మేలు. పని నిదానమైనా రంగు కావలసిన చోటనే పడుతుంది.

విధానం

* వాహనాన్ని చదునైన గట్టి నేలపై నిలిపి, నేలపై ఉండే చక్రాలకు ముందు వెనుకల దిమ్మెలు అడ్డం పెట్టవలెను. జాకీతో లేపిన వాహనాన్ని స్టాండ్లపై నిలపవలెను. జాకీని మాత్రమే నమ్మి పని చేయరాదు.
* చక్రం తీసి, బ్రేకు పూర్తిగా చల్లారిన తరువాత కాలిపర్‌ను పరీక్షించవలెను. రబ్బరు తొడుగు చిరిగినా, ఆయిలు చెమర్చినా, పిన్నులు బిగుసుకొన్నా ముందు మరమ్మతు చేయించవలెను. రంగు అటువంటి లోపాలను కప్పిపుచ్చుతుందే గానీ సరిచేయదు.
* కాలిపర్‌ను ఉన్నచోటనే ఉంచి కనిపించే వైపు మాత్రమే రంగు వేయడం సులభమైన పద్ధతి. బోల్టులు తీసి కాలిపర్‌ను విడదీసినట్లయితే దానిని తీగతో కట్టి వేలాడదీయవలెను. దాని బరువు బ్రేకు గొట్టంపై పడరాదు. గొట్టం ఊడదీస్తే ఆయిలులోకి గాలి చేరుతుంది. అప్పుడు బ్లీడింగు తప్పనిసరి కనుక ఆ పని మెకానిక్కుకు వదలడం మంచిది.
* దుమ్మును బ్రేకు క్లీనరుతో తడిపి తుడవవలెను. తరువాత ఇనుప తీగల బ్రష్షుతో వదులు తుప్పును రాల్చి, గరుకు కాగితంతో రుద్ది, మరల క్లీనరుతో జిడ్డు పోవునట్లు తుడిచి ఆరనివ్వవలెను. రబ్బరు తొడుగుల దగ్గర తీగల బ్రష్షు వాడరాదు.
* పైన చెప్పిన భాగాలన్నిటినీ మాస్కింగ్ టేపుతోను, డిస్కును పాత వార్తాపత్రికలతోను కప్పవలెను.
* పలుచని పూతలు రెండు లేక మూడు వేయవలెను. పూతకూ పూతకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో డబ్బాపై చూసి పాటించవలెను. ఒకేసారి దట్టంగా పూస్తే రంగు కారి గాడులలోకి చేరుతుంది.
* రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపు తీసివేయవలెను. గట్టిపడిన తరువాత తీస్తే అంచుల వద్ద రంగు కూడా లేచి వస్తుంది.
* డబ్బాపై సూచించిన కాలం ఆరిన తరువాతనే వాహనాన్ని నడపవలెను.

పని ముగిసిన తరువాత పరీక్షలు

డిస్కుపై రంగు చుక్కలు ఉంటే క్లీనరుతో తుడిచివేయవచ్చు. ప్యాడు రాపిడి తలం రంగును పీల్చుకొన్నట్లయితే ఆ ఇరుసుపై ఉన్న ప్యాడ్లన్నీ మార్చవలెను. విడదీసిన బోల్టులను, చక్రపు నట్లను తయారీదారు పుస్తకంలో చెప్పిన మేరకు టార్కు పానాతో బిగించవలెను.

పని మధ్యలో పిస్టనును వెనుకకు నెట్టి ఉంటే, బండి కదలక ముందే పెడలును అది గట్టిపడే వరకు పలుమార్లు నొక్కవలెను. ఈ ఒక్క పని మరచినందువలన మొదటిసారి బ్రేకు వేసినపుడు పెడలు నేలకు ఆనే ప్రమాదం ఉంది. చేతి బ్రేకు వెనుక కాలిపర్‌లోనే ఉన్న కార్లలో పిస్టనును తిప్పుతూ లోపలికి పంపవలసి రావచ్చు. విద్యుత్ మోటారుతో పనిచేసే చేతి బ్రేకు ఉంటే దానిని ముందుగా మరమ్మతు స్థితిలో పెట్టవలెను. బలవంతంగా నెట్టరాదు.

ఖాళీ రోడ్డుపై నెమ్మదిగా కొంత దూరం నడిపి బ్రేకు పరీక్షించవలెను. ఆగిన తరువాత అరచేతిని తాకకుండా చక్రానికి దగ్గరగా ఉంచి, ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాల వేడిని పోల్చవలెను. ఒకటి మరీ వేడిగా ఉన్నా, కమురు వాసన వచ్చినా, బండి ఒక పక్కకు లాగినా ప్యాడు బిగుసుకొని ఉండవచ్చు. సరిచేసే వరకు బండి నడపరాదు.

ఆరోగ్య జాగ్రత్తలు

పాత వాహనాల ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాని ధూళి పీల్చినవారికి ఎన్నో ఏళ్ళ తరువాత కూడా ఊపిరితిత్తుల వ్యాధులు, క్యాన్సరు కలగవచ్చు. ఐరోపా సమాఖ్యలో దీని వాడకం 2005 నుండి నిషిద్ధం. కనుక బ్రేకు దుమ్మును నోటితో గానీ గాలిపంపుతో గానీ ఊదరాదు. పొడిగా ఊడ్వరాదు.

క్లోరిను కలిసిన బ్రేకు క్లీనరు మిక్కిలి వేడి లోహాన్ని లేదా మంటను తాకితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. అందువలన క్లోరిను లేని క్లీనరు ఎన్నుకొనవలెను. రెండు భాగాల రంగులలో కొన్నిటిలో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసం కలిగించగలవు. ఇవి ఉన్న రంగును ఇంటివద్ద స్ప్రే చేయరాదు. గుడ్డ మాస్కు వీటిని ఆపలేదు. ఏ రంగు వాడినా తలుపులు తెరచిన చోట, పొయ్యికి దూరంగా పని చేయవలెను.

అపోహలు

రంగు వేసిన కాలిపర్ ఎక్కువ చల్లగా ఉంటుందనేది ఒక అపోహ. బ్రేకు వేడిలో అధిక భాగాన్ని డిస్కు గ్రహించి, తన చుట్టూ పారే గాలికి వదులుతుంది. కాలిపర్ పైని పలుచని పూత ఇందులో చెప్పుకోదగిన మార్పు తేలేదు. ఎర్ర రంగు వేసి, పేరున్న సంస్థ చిహ్నం అంటించినంత మాత్రాన బండి ఆగే దూరం తగ్గదు. ఆ దూరం టైర్లు, ప్యాడ్లు, డిస్కు, బ్రేకు ఆయిలు మంచి స్థితిలో ఉండటంపై ఆధారపడుతుంది. సరిగా వేసిన రంగు తుప్పును అడ్డుకొంటుంది. రంగు కోసం చక్రం విప్పినపుడు సామాన్యంగా కంటపడని ఈ భాగాలను పరీక్షించే అవకాశం కూడా లభిస్తుంది.